పెద్ద కెమెరాల పాత షట్టర్లు: చెక్కిన అంకె, జరిగిన కాలం

వ్యాససంగ్రహం:
పందొమ్మిదో శతాబ్దపు చివరి దశాబ్దాల్లోనూ ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లోనూ పెద్ద కెమెరాల కోసం తయారైన షట్టర్లను నేటికీ కొందరు సేకరిస్తున్నారు, కొందరు వాడుతున్నారు. జారే పలక, గుడ్డ తెర, గాలి, గడియారపు చక్రాలు అనే ఆధారాలతో ఈ పరికరాలు కాలాన్ని ఎలా కొలిచాయో, వాటి ముఖం మీది అంకెను ఎంతవరకు నమ్మవచ్చో, సేకరణకూ వాడుకకూ మధ్య వైరుధ్యం ఎక్కడ తలెత్తుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: షట్టర్, లార్జ్ ఫార్మాట్ కెమెరా, ఎక్స్‌పోజర్, థార్న్‌టన్-పికార్డ్, కాంపౌండ్, కాంపుర్, ప్యాకార్డ్, పరికర పరిరక్షణ.

1. ఉపోద్ఘాతం

కెమెరాలో షట్టర్ చేసే పని ఒక్కటే. వెలుతురును నిర్ణీత కాలంపాటు లోనికి రానిచ్చి, ఆ తర్వాత ఆపడం. ఆ కాలం ఎంతో చెప్పే అంకె షట్టర్ ముఖం మీద చెక్కి ఉంటుంది. కొత్త షట్టర్‌లో ఆ అంకెకూ జరిగే పనికీ పెద్ద తేడా ఉండదు. నూరేళ్ళు దాటిన షట్టర్‌లో మాత్రం ఆ అంకె కేవలం ఒక పేరు. సూచికను 1/25 దగ్గర నిలిపితే నిజంగా తెరుచుకునేది 1/12 సెకను కావచ్చు, 1/40 కావచ్చు. ఒక్కొక్కసారి తెరుచుకున్న రేకులు మూసుకోకపోనూవచ్చు. అయినా ఈ పరికరాలను వెతికి కొనేవారున్నారు, వాటితో పనిచేసేవారున్నారు. కనుక పాత షట్టర్‌ను గురించి అడగవలసిన మొదటి ప్రశ్న అది ఎంత పాతదని కాదు. దాని అంకెకూ దాని చేతకూ ఇప్పుడున్న సంబంధం ఏమిటని.

లార్జ్ ఫార్మాట్ అంటే 4×5 అంగుళాలు మొదలుకొని 5×7, 8×10, అంతకు మించిన కొలతల ఫిల్ము పలకలను వాడే కెమెరా. ఒక చివర లెన్సు, మరొక చివర ఫిల్ము, మధ్యన మడతలు పడే తిత్తి. ఇంతకు మించి అందులో పెద్దగా ఏమీ ఉండదు. చిన్న కెమెరాల్లో షట్టర్ యంత్రంలో అంతర్భాగం. దాన్ని ఊడదీస్తే కెమెరాయే మిగలదు. పెద్ద కెమెరాలో లెన్సు వేరు, షట్టర్ వేరు, పెట్టె వేరు. మూడింటినీ మూడు ఊళ్ళలో చేసి ఒకచోట బిగించిన సందర్భాలు అనేకం. షట్టర్లను విడిగా సేకరించడం సాధ్యమయిందీ ఇందువల్లనే, లెన్సులూ షట్టర్లూ ఒకదానికొకటి దూరమయిందీ ఇందువల్లనే. పలక ఫిల్ము ఒక్కొక్కటిగా కొని, ఒక్కొక్కటిగా హోల్డరులో నింపి, ఒక్కొక్కటిగా కడగవలసినది. షట్టర్ చెప్పిన అబద్ధానికి వెల అక్కడ చెల్లించవలసి వస్తుంది.

2. మూత, పలక, తెర

ఛాయాచిత్రకళ పుట్టిన తొలినాళ్ళలో షట్టర్ లేదు; దాని అవసరమూ లేదు. 1839లో దాగేర్ పద్ధతి లోకానికి వెల్లడయ్యేనాటికి ఒక చిత్రానికి నిమిషాల కొద్దీ వెలుతురు కావలసి వచ్చేది. లెన్సు మీది మూత తీయడం, లెక్కపెట్టడం, తిరిగి మూయడం, ఇంతే పని. దాగేర్ 1838లో పారిస్‌లోని బులవార్ దు తాంప్ల వీధిని తీసిన ప్రసిద్ధ చిత్రంలో వీధి దాదాపు నిర్మానుష్యంగా కనిపిస్తుంది. బూట్లకు మెరుగు పెట్టించుకోవడానికి ఒకచోట నిలబడిన మనిషి, అతని ముందు కూర్చున్నవాడు మాత్రమే పలక మీద మిగిలారు. నడుస్తూ పోయినవారెవరూ నిలవలేదు. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడి కొలోడియన్ పద్ధతి ఆ నిమిషాలను సెకన్లకు దించింది. సెకన్లను కొలవడానికి మనిషి చేయి చాలు.

చేయి చాలని అవసరం కూడా అక్కడక్కడ రాకపోలేదు. ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ 1878 జూన్‌లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో పరుగెత్తే గుర్రాన్ని 12 కెమెరాలతో చిత్రించినప్పుడు విద్యుత్తుతో విడుదలయ్యే షట్టర్లను ప్రత్యేకంగా చేయించుకోవలసి వచ్చింది. సాధారణ ఛాయాచిత్రకారునికి ఆ అవసరం తెచ్చిపెట్టింది జిలాటిన్ పొడి పలక. 1871లో రిచర్డ్ లీచ్ మాడక్స్ సూచించిన ఈ పద్ధతి దశాబ్దం తిరిగేసరికి కార్ఖానాలో తయారై పెట్టెల్లో అమ్ముడుపోయే సరుకయింది. ఎండలో సెకనులో చిన్న భాగం సరిపోయే ఆ పలకను చేతితో మూత తీసి మూసి వాడడం అసాధ్యం. షట్టర్ల పరిశ్రమ ఇక్కడ మొదలవుతుంది.

తొలి పరిష్కారం అతి సరళమైనది. నడుమ రంధ్రమున్న చెక్క పలక ఒకటి లెన్సు ముందు రెండు గాడుల మధ్య కిందికి జారుతుంది. రంధ్రం లెన్సును దాటినంతసేపే వెలుతురు. ఇందులో కాలాన్ని కొలిచేది భూమ్యాకర్షణ. లెక్క కట్టి చూస్తే విషయం బోధపడుతుంది. లెన్సు వ్యాసం 5 సెంటీమీటర్లు, పలకలోని రంధ్రమూ అంతే అనుకుందాం. రంధ్రం లెన్సుకు సరిగ్గా పైనుంచి బయలుదేరితే, రాపిడిని లెక్కలోకి తీసుకోనప్పుడు, తెరుచుకొని మూసుకోవడానికి పట్టే కాలం సుమారు 1/7 సెకను. అదే పలకను 20 సెంటీమీటర్లు పైనుంచి వదిలితే, లెన్సును చేరేసరికి వేగం పుంజుకొని ఆ కాలం సుమారు 1/22 సెకనుకు తగ్గుతుంది. ఇంకా వేగం కావాలంటే రబ్బరు పట్టీ తగిలించి లాగేవారు. నిజానికి ఈ షట్టర్‌కు వయసుతో వచ్చే జబ్బులు తక్కువ. భూమ్యాకర్షణ అరగదు, తుప్పు పట్టదు. చెక్క ఉబ్బి గాడిలో ఇరుక్కోవడమే దీని ప్రధాన లోపం.

పలక స్థానంలో గుడ్డ తెరను తెచ్చి దాన్ని వ్యాపారంగా నిలబెట్టినవారిలో ఇంగ్లండుకు చెందిన థార్న్‌టన్-పికార్డ్ సంస్థది పెద్ద పేరు. జాన్ ఎడ్వర్డ్ థార్న్‌టన్, ఎడ్గార్ పికార్డ్ భాగస్వాములుగా 1888లో మాంచెస్టర్‌లో ఏర్పడి, తరువాత సమీపంలోని ఆల్ట్రింకమ్‌కు మారిన సంస్థ ఇది. మహోగని చెక్కతో చేసిన చిన్న చదరపు పెట్టె. అందులో పైన ఒకటి, కింద ఒకటి కడ్డీలు. వాటి మధ్య రబ్బరు పట్టించిన నల్లని గుడ్డ. గుడ్డలో ఒక కిటికీ. పక్కనున్న దారం లాగితే తెర పై కడ్డీకి చుట్టుకుంటుంది. రబ్బరు బుడ్డి నొక్కితే స్ప్రింగు దాన్ని కిందికి లాగుతుంది. స్ప్రింగును ఎంత బిగిస్తే అంత వేగం. ఆ బిగువును చూపే చిన్న బిళ్ళ మీద 1/15 నుంచి 1/90 దాకా అంకెలుంటాయి. పెట్టె మొత్తంగా లెన్సు మూతిమీద టోపీలాగా కూర్చుంటుంది కనుక ఒకే షట్టర్‌ను, మధ్యలో వలయాలు వేసి, అనేక లెన్సులకు వాడుకోవచ్చు.

సేకరించేవారికి ఈ షట్టర్ సులువుగా దొరికే వస్తువు. వాడేవారికి ఇందులో చెడేది ప్రధానంగా గుడ్డ. మడతల దగ్గర రబ్బరు పూత పగిలి సూదిమొన రంధ్రాలు పడతాయి. వెలుగుతున్న దీపానికి అడ్డంగా పట్టి చూస్తే నక్షత్రాల్లా కనిపిస్తాయి. గుడ్డ మార్చవచ్చు. అయితే కొత్త గుడ్డ పాతదానికంటే మందమైతే కడ్డీమీద చుట్టు వ్యాసం పెరిగి తెర నడక మారిపోతుంది. అప్పుడు బిళ్ళమీద 1/90 అన్న అంకె 1/90గా మిగలదు.

ఈ అంకెలు చరిత్ర పరిశోధకులకు కూడా పట్టించుకోదగ్గవి. సెకనుకు 1.4 మీటర్ల చొప్పున నడిచే మనిషి 1/15 సెకనులో 9 సెంటీమీటర్లకు పైగా కదులుతాడు. 1/90 సెకనులో ఒకటిన్నర సెంటీమీటరు. ఒక సెకను పాటు మూత తీసి ఉంచితే అతను 1.4 మీటర్ల పొడవునా పరుచుకొని పొగలా కనిపిస్తాడు, లేదా కనిపించనే కనిపించడు. 1880ల మధ్యలో హైదరాబాదు చేరి, ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై, సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పిన లాలా దీన్‌దయాళ్ వృత్తిజీవితం సరిగ్గా ఈ మార్పు మీదుగా సాగింది. ఆయన 1870లలో పని ప్రారంభించేనాటికి తడి పలకదే రాజ్యం. హైదరాబాదు దశ నాటికి పొడి పలక వచ్చేసింది. ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఆయన గాజు నెగటివులు రెండువేలకు పైగా ఉన్నాయి. అటువంటి కాలపు చిత్రంలో వీధి ఖాళీగా కనిపిస్తే ఆనాడు వీధిలో జనం లేరని రాసేముందు, ఆ పలకకు మూత వాడారా, తెర వాడారా అని అడగాలి. చెట్టు కొమ్మ అంచు, గుర్రం తోక, జెండా గుడ్డ, ఇవి ఆ ప్రశ్నకు సాక్ష్యం చెబుతాయి.

3. గాలిని నమ్ముకున్న షట్టర్లు

తెర షట్టర్ లెన్సుకు బయట ఉంటుంది. లెన్సు గాజుల నడుమ, ఐరిస్ పక్కనే పనిచేసే రేకుల షట్టర్ వచ్చాక పరికరం చిన్నదయింది, కాలాన్ని కొలవడం కష్టమయింది. రేకులను స్ప్రింగు క్షణంలో తెరుస్తుంది. తెరుచుకున్న రేకులను అరసెకను ఆపి ఉంచేదెవరు? దానికి తొలి తరం నిపుణులు ఎంచుకున్న సాధనం గాలి. చిన్న ఇత్తడి సిలిండరులో పిస్టన్ కదులుతుంది. లోపలి గాలి సన్నని సందుగుండా తప్పించుకోవడానికి పట్టే సమయమే షట్టర్ తెరిచి ఉండే సమయం. తలుపు దభాలున పడకుండా మెల్లగా మూసే గొట్టంలోని కిటుకే ఇదీ.

అమెరికాలో న్యూయార్కు రాష్ట్రంలోని రోచెస్టర్ నగరానికి చెందిన బాష్ అండ్ లాంబ్ సంస్థ 1890ల చివరలో తెచ్చిన యూనికమ్ షట్టర్ ఈ జాతిలో అందరూ గుర్తుపట్టేది. దాని ముఖానికి అటొకటి ఇటొకటి రెండు సిలిండర్లు మీసాల్లా నిలబడి ఉంటాయి. ఒకటి రబ్బరు బుడ్డి నుంచి వచ్చే గాలితో షట్టర్‌ను విడుదల చేస్తుంది, రెండోది దాన్ని నిదానింపజేస్తుంది. ఫ్రీడ్రిష్ డెకెల్, క్రిస్టియన్ బ్రూన్స్‌ల పేర్లతో ముడిపడిన మ్యూనిక్ నగరపు కాంపౌండ్ షట్టర్ ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాలది. దాని సిలిండరు షట్టర్ నెత్తిమీద అడ్డంగా ఉంటుంది. పెద్ద లెన్సులకు సరిపోయే పెద్ద కాంపౌండ్‌లు నేటికీ గిరాకీ ఉన్న వస్తువులు. వాటి అత్యధిక వేగం 1/50 సెకను ప్రాంతంలోనే ఆగిపోయినా అంత వెడల్పుగా తెరుచుకునే షట్టర్లు అరుదు కావడమే కారణం.

గాలి సిలిండరుకు పరమశత్రువు నూనె. మొరాయించే యంత్రం చేతిలో పడగానే చుక్క నూనె వేయడం సహజంగా అందరికీ తోచే వైద్యం. కాంపౌండ్ సిలిండరులో ఆ చుక్క పడితే గాలి తప్పించుకోవలసిన సందు జిగటతో పూడిపోతుంది. ఒక సెకను అన్నది మూడు సెకన్లవుతుంది, చలిరోజున నాలుగవుతుంది. సిలిండరు, పిస్టన్ పొడిగా, శుభ్రంగా ఉండాలి. పాత కాంపౌండ్‌లలో కనిపించే మందకొడితనంలో చాలా భాగం తయారీదారు లోపం కాదు, దశాబ్దాల కింద ఎవరో ప్రేమతో వేసిన నూనె.

గాలితో పనిచేసేవాటిలో అన్నింటికంటే నిరాడంబరమైనది ప్యాకార్డ్ ఐడియల్. అమెరికాలో మిషిగన్ రాష్ట్రపు కలమజూ పట్టణంలో తయారైన ఈ షట్టర్‌కు అంకెలే లేవు. రెండు పలుచని నల్ల పలకల నడుమ రేకులు, పక్కన ఒక సిలిండరు, దానికి పొడుగాటి రబ్బరు గొట్టం, చివర బుడ్డి. నొక్కితే తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది. కొన్ని నమూనాల్లో చిన్న మేకు ఒకటి గుచ్చితే ఒక్క నొక్కుకే తెరుచుకొని మూసుకుంటుంది. ఆ వేగం సుమారు 1/25 సెకను. దీన్ని లెన్సు వెనుక, కెమెరా లోపల బిగిస్తారు. కనుక కెమెరా ఒకటి, షట్టర్ ఒకటి, లెన్సులు ఎన్నైనా. పెద్దగా చప్పుడు కూడా ఉండదు. ఎదుట కూర్చున్న పసిపాపకు చిత్రం ఎప్పుడు తీశారో తెలియకపోవడం స్టూడియో యజమానికి గొప్ప సౌకర్యం. సేకరణ అరలో నలుగురికీ చూపించుకోదగ్గ అందం దీనికి లేదు. ధర కూడా తక్కువే పలుకుతుంది. వాడుకలో మాత్రం దీనికి సాటివచ్చే పాత షట్టర్ మరొకటి లేదనే చెప్పాలి. సేకరణ విలువ, వాడుక విలువ తరచుగా ఎదురెదురు దారుల్లో నడుస్తాయనడానికి ప్యాకార్డ్ మంచి నిదర్శనం.

నేటి డిజిటల్ కెమెరా మీద కూడా కనిపించే ‘బి’ అన్న అక్షరం ఈ రబ్బరు బుడ్డి జ్ఞాపకమే. బల్బ్ అంటే ఆ బుడ్డి. నొక్కినంతసేపు తెరిచి ఉండడం అన్న అర్థం అక్కడినుంచి వచ్చింది. విద్యుద్దీపంతో దానికి సంబంధం లేదు.

4. గడియారపు చక్రాలు

గాలి స్థానంలో పళ్ళచక్రాల వరుస వచ్చినప్పుడు షట్టర్ ఆధునికమయింది. చేతిగడియారంలో స్ప్రింగు ఒక్కసారిగా విడిపోకుండా చక్రాలు ఎలా నిలవరిస్తాయో, ఇక్కడా అలాగే నిలవరిస్తాయి. రోచెస్టర్‌లోనే 1910లో మొదలైన ఐలెక్స్ సంస్థ ఈ పద్ధతిని చేపట్టింది. బ్రూన్స్ రూపకల్పనతో మ్యూనిక్‌లో డెకెల్ కార్ఖానా 1912 నాటికి కాంపుర్‌ను తెచ్చింది. కాంపౌండ్ అన్న పేరులోని తొలి భాగాన్నీ, గడియారపు యంత్రం అనే అర్థమున్న జర్మన్ పదం తొలి అక్షరాలనూ కలిపి ఆ పేరు పెట్టారని చెబుతారు. రోచెస్టర్ సంగతి ప్రత్యేకంగా గమనించదగినది. బాష్ అండ్ లాంబ్, అక్కడ పనిచేసి బయటికి వచ్చిన ఆండ్రూ వొలెన్‌సాక్ 1899లో సోదరునితో కలిసి పెట్టిన సంస్థ, ఐలెక్స్, గ్రాఫ్లెక్స్ కెమెరాలు చేసిన ఫోల్మర్ అండ్ ష్వింగ్, అన్నిటికీ మించి ఈస్ట్‌మన్ కొడాక్, అన్నీ ఆ ఒక్క ఊరిలోనివే. అమెరికన్ షట్టర్ల చరిత్రలో చాలా భాగం ఒక నగరపు కార్మికుల చరిత్ర.

తొలి కాంపుర్‌లలో వేగాన్ని ఎంచే బిళ్ళ షట్టర్ నెత్తిమీద చిన్నదిగా విడిగా ఉంటుంది. 1920ల చివరి నుంచి వచ్చినవాటిలో షట్టర్ అంచు మొత్తం తిరిగే వలయమయింది. పాత రకానికి మరొక చిన్న మీట ఉంటుంది. దానిమీద ‘జెడ్’, ‘డి’, ‘ఎం’ అనే జర్మన్ గుర్తులు. ‘ఎం’ క్షణికమైన ఎక్స్‌పోజర్లకు, మిగిలిన రెండూ తెరిచి ఉంచే ఎక్స్‌పోజర్లకు. ఆ రెండింటిలో ఉండగా స్ప్రింగు బిగించే మీట కదలదు, కదపకూడదు. అలవాటు లేనివారు అది పట్టేసిందనుకొని బలవంతంగా తోసి లోపలి భాగాన్ని విరగ్గొడతారు. అమ్మకానికి వచ్చే పాత కాంపుర్‌లలో కొన్ని ఈ గతి పట్టినవే. వలయం ఉన్న రకంలో అత్యధిక వేగానికి అదనపు స్ప్రింగు ఒకటి పనిచేస్తుంది. కనుక ఆ వేగం కావాలంటే బిగించకముందే దాన్ని ఎంచుకోవాలి. పాత షట్టర్ ఏది చేతికి వచ్చినా తొలి నియమం ఇదే: తేలికగా కదలనిదాన్ని కదల్చడానికి ముందు ఎందుకు కదలడం లేదో తెలుసుకోవడం.

5. అంకెను చదవడం, కాలాన్ని కొలవడం

పాత షట్టర్ మీది అంకెల వరుస నేటిది కాదు. నేడు 1/4, 1/8, 1/15, 1/30, 1/60, 1/125 అని నడిచేది ఆనాడు 1/5, 1/10, 1/25, 1/50, 1/100 అని నడిచేది. ఈ తేడా చిన్నది, సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది రంధ్రపు కొలత. 1881లో బ్రిటన్‌లో ప్రతిపాదించిన ‘యూనిఫాం సిస్టమ్’ ప్రకారం అంకెలు చెక్కిన షట్టర్లు, ముఖ్యంగా అమెరికన్ షట్టర్లు, విరివిగా దొరుకుతాయి. ఆ పద్ధతిలో 16 అన్నది నేటి ఎఫ్/16తో సమానం. అక్కడినుంచి దారి మారుతుంది. 8 అంటే ఎఫ్/11, 4 అంటే ఎఫ్/8, 32 అంటే ఎఫ్/22, 64 అంటే ఎఫ్/32. అందులోని 4ను ఎఫ్/4గా భావించి లెక్కకట్టినవారి ఫిల్ముకు చేరవలసిన వెలుతురులో నాలుగో వంతే చేరుతుంది. నెగటివు పలచబడినప్పుడు నింద షట్టర్ వేగం మీద పడుతుంది. తప్పు చదవడంలో ఉంది. పైగా షట్టర్ మీది రంధ్రపు కొలత అది మొదట ఏ లెన్సుతో అమ్ముడయిందో ఆ లెన్సుకే వర్తిస్తుంది. లెన్సు మారిస్తే ఆ పట్టీ మొత్తం అర్థం లేనిదవుతుంది.

ఇక వేగాన్ని కొలవడం. ఇప్పుడు షట్టర్ వెనుక కాంతిని పసిగట్టే చిన్న డయోడును ఉంచి కంప్యూటరుకు కలిపి చూసేవారున్నారు. సెకనుకు 240 చిత్రాలు తీయగల ఫోను ఉన్నా మధ్యస్థ వేగాలవరకు సరిపోతుంది. లెన్సు వెనుకనుంచి దీపం వైపు చూస్తూ తీస్తే, 1/25 సెకను నిజమైనదైతే వెలుతురు తొమ్మిది, పది చిత్రాల్లో కనిపించాలి. విద్యుత్ పరికరాలేమీ లేని కాలంలో గ్రామఫోను పనికివచ్చేది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పళ్ళెం సెకనుకు 468 డిగ్రీలు తిరుగుతుంది. నల్లని రికార్డు మీద సన్నని తెల్ల కాగితపు పట్టీ అంటించి, తిరుగుతుండగా చిత్రం తీస్తే పట్టీ విసనకర్రలా పరుచుకుంటుంది. ఆ కోణాన్ని కోణమానినితో కొలిచి, పట్టీ సొంత వెడల్పును తీసివేస్తే లెక్క తేలుతుంది. 1/10 సెకనుకు సుమారు 47 డిగ్రీలు, 1/25కు దాదాపు 19 డిగ్రీలు. నిమిషానికి 33⅓ చుట్ల పళ్ళెమైతే సెకనుకు 200 డిగ్రీలు. 1/10కి 20, 1/25కు 8. ఒక్క పలక ఖర్చుతో ముగిసే పరీక్ష ఇది.

ఒకసారి కొలిస్తే చాలదు, పదిసార్లు కొలవాలి. ఇక్కడే పాత షట్టర్ మంచిచెడ్డలు బయటపడతాయి. 1/25 అని రాసి ఉండి ప్రతిసారీ 1/14 ఇచ్చే షట్టర్ నిక్షేపమైనది. ఒకసారి 1/14, మరొకసారి 1/30 ఇచ్చేది, సగటున సుమారు 1/19 వచ్చినా, పనికిరానిది. సరైన అంకె చెప్పడంకంటే చెప్పిన మాట మీద నిలబడడం ముఖ్యం. కొన్నవెంటనే వేగాలు ‘సరిచేయించడం’ కోసం తొందరపడేవారు ఈ సంగతిని తరచుగా మరచిపోతారు.

రేకుల షట్టర్‌లో మరొక మెలిక ఉంది. రేకులు తెరుచుకోవడానికీ మూసుకోవడానికీ కూడా కొంత కాలం పడుతుంది. ఉదాహరణకు మొత్తం 20 మిల్లీసెకన్ల పనిలో తెరుచుకోవడానికి 5, మూసుకోవడానికి 5 పట్టాయనుకుంటే, లెన్సును పూర్తిగా తెరిచి వాడినప్పుడు ఫిల్ముకు అందే వెలుతురు 15 మిల్లీసెకన్లకు సమానం. అదే లెన్సు రంధ్రాన్ని బాగా చిన్నది చేస్తే రేకులు కదలగానే అది పూర్తిగా బయటపడుతుంది కనుక దాదాపు 20 మిల్లీసెకన్లూ దక్కుతాయి. షట్టర్ ఒకటే, వేగం ఒకటే, ఫలితం రెండు రకాలు. పెద్ద రేకుల పెద్ద షట్టర్లలో ఈ తేడా మరింత స్పష్టం.

6. పెద్ద లెన్సుకు షట్టర్ ఎక్కడ?

పాత షట్టర్లు కేవలం ముచ్చటకోసమే బతికి ఉన్నాయనుకోవడం పొరపాటు. వాటికి నేటికీ నిజమైన పని ఉంది. షట్టర్ లేకుండా ఇత్తడి గొట్టంలో అమ్ముడుపోయిన పాత లెన్సులు కోకొల్లలు. 1840 నాటి పెట్స్‌వాల్ రూపకల్పన నుంచి స్టూడియో లెన్సుల దాకా అటువంటివే. 300 మిల్లీమీటర్ల ఎఫ్/4.5 లెన్సుకు రంధ్రం 67 మిల్లీమీటర్లు ఉండాలి. ఇటీవలి దశాబ్దాల్లో విరివిగా వాడిన జపాను కోపాల్ షట్టర్లలో అతిపెద్దదైన మూడో నంబరు తెరుచుకునేది 45 మిల్లీమీటర్లే. అంటే ఆ లెన్సును దాని పూర్తి వెడల్పుతో వాడాలంటే పాత దారులే గతి: ముందు తెర, వెనుక ప్యాకార్డ్, లేదా ఫిల్ము ముందరే పరుగెత్తే తెర.

ఈ చివరిది స్పీడ్ గ్రాఫిక్ కెమెరాలో ఉన్నది. 1912 నుంచి 1973 దాకా రకరకాల రూపాల్లో తయారైన ఆ కెమెరా పాత నమూనాల్లో పొడవాటి గుడ్డకు నాలుగు వెడల్పుల చీలికలు, స్ప్రింగుకు ఆరు బిగువులు ఉంటాయి. వెరసి 24 వేగాలు, 1/10 నుంచి 1/1000 దాకా. లెన్సు ఎంత పెద్దదైనా దానికి పట్టింపు లేదు. కాకపోతే చీలిక ఫిల్ము ఒక అంచునుంచి మరో అంచుకు చేరడానికి కాలం పడుతుంది. ఈలోగా వస్తువు కదిలితే ఆకారం వంగుతుంది. జాక్ ఆన్రీ లార్తీగ్ తీసిన పందెపు కారు చిత్రంలో చక్రం ముందుకు వాలిన అండంలా కనిపించడం అటువంటి షట్టర్ ఫలితమే.

వెలుతురు విషయంలోనూ హద్దులున్నాయి. 100 వేగపు ఫిల్ముకు మిట్టమధ్యాహ్నపు ఎండలో ఎఫ్/16 దగ్గర సుమారు 1/100 సెకను సరిపోతుంది. అదే ఎండలో ఎఫ్/4 దగ్గర వాడాలంటే 1/1600 కావాలి. 1/90 దగ్గర ఆగే తెర షట్టర్‌కు అది అందని పండు. నల్ల ఫిల్టరు వేయాలి, లేదా నీడలోకి వెళ్ళాలి. ఫిల్ముకు బదులు ఫొటో కాగితాన్ని పెట్టి నెగటివు తీసేవారికి, తడి కొలోడియన్‌ను మళ్ళీ చేపట్టినవారికి ఈ బాధ లేదు. వారి పలకల వేగం అంత తక్కువ. చాలాసార్లు వారికి షట్టరే అక్కరలేదు, మూత చాలు.

7. బాగుచేయడమా, భద్రపరచడమా

షట్టర్‌ను వాడాలంటే విప్పాలి, కడగాలి, కొన్ని భాగాలు మార్చాలి. అలాగే ఉంచితే అది ఏనాటి స్థితిలో చేతికి వచ్చిందో ఆ స్థితి నిలుస్తుంది. ఈ రెండూ ఒక్కచోట పొసగవు. గుడ్డ మార్చిన థార్న్‌టన్-పికార్డ్ చిత్రాలు తీస్తుంది. కానీ 1890లలో ఏ గుడ్డ వాడారో, దానికి ఏ పూత పూశారో చెప్పే సాక్ష్యం చెత్తబుట్టలో పడింది. విప్పని షట్టర్ సాక్ష్యాన్ని దాచుకుంటుంది; కానీ దాని తెర ఎలా నడిచేదో, ఎంత చప్పుడు చేసేదో తెలిసినవారు క్రమంగా లేకుండా పోతారు. అరుదైన వస్తువును విప్పకుండా ఉంచి, సాధారణమైనదాన్ని వాడుకోవడం చాలావరకు సమంజసమైన మార్గం. అరుదో సాధారణమో తేల్చడానికి ముందు అది ఏమిటో గుర్తించాలి. షట్టర్ మీద చెక్కిన పేటెంటు తేదీని తయారైన తేదీగా తీసుకోవడం సర్వసాధారణమైన పొరపాటు. ఆ వస్తువు అంతకుముందుది కాదని మాత్రమే అది చెబుతుంది. కాంపుర్ వంటివాటి మీది వరుస సంఖ్య ఇంతకంటే నమ్మదగిన ఆధారం. దాన్ని లెన్సు వరుస సంఖ్యతో పోల్చి చూస్తే రెండూ మొదటినుంచీ కలిసి ఉన్నవో, తరువాత ఎవరో జతచేసినవో ఊహించవచ్చు.

కడగడంలో మరొక ప్రమాదం పొంచి ఉంది. షట్టర్‌ను మొత్తంగా నాఫ్తాలో ముంచి తీయడం త్వరగా ఫలితమిచ్చే పద్ధతిగా ప్రచారంలో ఉంది. తొలినాటి కాంపౌండ్, కాంపుర్‌లలో కొన్నింటికి ఐరిస్ రేకులు లోహంతో చేసినవి కావు. గట్టి రబ్బరు, అదిమిన కాగితపు నార వంటివాటితో చేసినవి. ద్రవంలో నానితే అవి వంకరపోతాయి, మళ్ళీ సాపు కావు. ముంచడానికి ముందు రేకు దేనితో చేశారో చూడడానికి పట్టేది నిమిషం.

అన్నిటికంటే పెద్ద నష్టం విడదీయడంలో ఉంది. లెన్సు, షట్టర్, వాటిని బిగించిన చెక్క పలక, ఆ పలకమీద పాత స్టూడియో సిరాతో రాసిన గుర్తు, ఇవన్నీ కలిసి ఉన్నప్పుడే ఒక పనిముట్టు. విడివిడిగా అమ్మితే ఎక్కువ వస్తుందని వ్యాపారి లెన్సును ఒకరికి, షట్టర్‌ను మరొకరికి అమ్ముతాడు. కొన్న వ్యక్తి ఆ షట్టర్‌లో వేరే లెన్సును బిగించడానికి లేతు మీద మర చెక్కిస్తాడు. ముందు గాజుకూ వెనుక గాజుకూ మధ్య ఉండవలసిన దూరం పిసరంత మారినా చిత్రపు అంచుల్లో పదును చెడుతుంది. అసలు మర పోయాక పాత జోడీని మళ్ళీ కలపడం కుదరదు. పాత దేహాన్ని చెక్కించే బదులు ఇత్తడి వలయమొకటి మధ్యలో వేయిస్తే ఖర్చు కొంచెం పెరుగుతుంది, షట్టర్ మాత్రం చెక్కుచెదరదు.

విప్పినవారు చేయవలసిన పని ఇంకొకటుంది. ఏ రోజున విప్పారో, ఏ భాగం తీసేశారో, దాని బదులు ఏది వేశారో, ఒక్కొక్క అంకె దగ్గర పది కొలతల్లో ఎంతెంత వచ్చిందో చిన్న కాగితం మీద రాసి షట్టర్ పెట్టెలో ఉంచాలి. తీసేసిన పాత గుడ్డనూ విరిగిన స్ప్రింగునూ ఆ కాగితంతోపాటే ఒక కవరులో దాచాలి. షట్టర్ చేతులు మారినప్పుడు కాగితం, కవరు దానితోపాటే వెళ్ళాలి.